ఏడు నిమిషాల మడుగు

పెన్నానది గురించి, అందులోనూ గుట్టహళ్లి పక్కన పారుతున్నట్టు పటంలో గీసిన పెన్నానది గురించి, నిజం చెప్పాలంటే మూడు నిమిషాలు చాలు. రేడియో వాళ్లు పది నిమిషాలు ఇచ్చారు. సుబ్బరత్నమ్మ చేసిన పాపమంతా ఆ మిగిలిన ఏడు నిమిషాల్లో ఉంది.

మొదలుపెట్టింది మాత్రం నిజంతోనే. ఎనభై నాలుగు చివర్లో ఒక మధ్యాహ్నం, మహిళల కార్యక్రమంలో కోస్తా వైపు ఆవిడెవరో తెల్లవారుజామున నదీస్నానం చేస్తే చర్మం నిగారిస్తుందని చెప్పింది. సుబ్బరత్నమ్మ అప్పుడు విత్తనానికి వేరుశనక్కాయలు వలుస్తోంది. చాట పక్కకు నెట్టి పోస్టుకార్డు తీసుకుంది. "అయ్యా, మా ఏట్లో ఆ ప్రకారమే చేసి చూశాను. చర్మం గీరుకుపోయింది. మా నదిలో ఇసుక తప్ప మరేమీ దొరకదు. మీరు చెప్పిన నదికి ఏ బస్సెక్కాలో దయచేసి తెలుపగలరు" అని రాసి, మర్చిపోయింది.

రేడియో వాళ్లు మర్చిపోలేదు. "మీ శైలి బాగుంది. నదీ విహారాల వరుసలో మీ పెన్న గురించి పది నిమిషాల ప్రసంగం రాసుకొచ్చి చదవండి" అని జాబు వచ్చింది.

సుబ్బరత్నమ్మ అనంతపురంలో భూగోళం తీసుకుని బి.ఏ. చదివింది. పెళ్లయిన పదేళ్లలో ఆ చదువు ఒక్కసారే అక్కరకొచ్చింది. నైరుతి గాలి ఎటునుంచి వీస్తుందో కళ్లంలో చూపించబోతే, అత్త తిప్పమ్మ "మాకు తెలుసులేమ్మా, దుమ్ము కండ్లల్లో పడుతుంది కదా" అంది. అలాంటి చదువుకి పది నిమిషాల పిలుపు వచ్చింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక రాసింది. పెన్న నంది కొండల్లో పుడుతుంది. కర్ణాటకలో ఉన్నంతసేపు ఉత్తరం ముఖంగా నడిచి, మన జిల్లాలోకి వచ్చేసరికి అలిసిపోయి ఇసుకలో పడుకుంటుంది. తరువాత తూర్పుకి మళ్లి, కడప దాటి, నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మన దగ్గర రెండు మూడేళ్లకు ఒకసారి పారుతుంది. ఆ రోజు బడికి సెలవు. బస్సు అవతలి గడ్డన ఆగిపోతుంది. ఊరంతా పసుపూ కుంకుమా తీసుకుని ఏరు చూడటానికి పోతుంది. మిగతా రోజుల్లో పిల్లలు ఇసుకలో కబడ్డీ ఆడతారు, మగవాళ్లు వంతెన కింద నీడన చీట్లాడతారు. అంతే, విహారం అయిపోయింది. గడియారం చూసుకుంటే మూడు నిమిషాలు.

ఇంకో నిమిషం కోసం రాతికట్టు గురించి రాసింది. ఊరికి అర మైలు ఎగువన ఏటికి అడ్డంగా ఒక నల్లరాతి చాలు ఉంది. పైకి వీపు మాత్రం కనబడుతుంది, తక్కినదంతా ఇసుక కిందే. ఇసుకలో ఇంకి దిగువకు జారే నీళ్లను ఆ రాయి అడ్డుకుంటుంది. అందుకే దానికి ఎగువన లోతుగా తవ్వితే ఎంత కరువులోనైనా నీళ్లు ఊరుతాయి. కరువు ఏడాది తన అత్త అక్కడ చెలమ తవ్వేదని తిప్పమ్మ ఎప్పుడో చెప్పింది. అట్లా ఎందుకు ఊరుతాయో కాలేజీలో చెప్పారు. ఆ రెండూ కలిసిన ఆ పేరా అంటే సుబ్బరత్నమ్మకు ముచ్చట. మొగుడు శ్రీరంగప్పకు చదివి వినిపించింది. రాయి దగ్గరికి వచ్చేసరికి ఆయన గురక పెడుతున్నాడు.

ముందు వారం ప్రసంగంలో గోదావరి ఆవిడ పడవలు, లంకలు, పనసతొనలు అన్నీ చెప్పింది. సుబ్బరత్నమ్మకు రోషం వచ్చింది. రోషం వచ్చిన మనిషి చేతిలో కలం ఉండకూడదు. రాయి పేరా కొట్టేసింది. దాని చోట ఒక మడుగు పెట్టింది.

"గుట్టహళ్లి దగ్గర రాతికట్టు మడుగులో పన్నెండు నెలలూ నీళ్లుంటాయి. సాయంకాలం పిల్లలు ఈతలు కొడతారు. పెద్దలు పుట్టిలో షికారు పోతారు. గడ్డన పచ్చిక మీద కూర్చుని, కాళ్లు నీళ్లలో వేలాడేసుకుని..." అలా కాళ్లు వేలాడేసుకుని ఆరు పేజీలు పోయింది. నిజానికి ఆ గుండ్రటి బుట్ట పడవను, పుట్టిని, ఆమె జన్మలో ఒక్కదాన్నే చూసింది. అది కూడా పక్క ఊళ్లో గడ్డివాము మీద బోర్లించి ఉంది, వాన పడితే గడ్డి తడవకుండా.

రేడియో స్టేషనుకు పోయి చదివి వచ్చిన ఆ ప్రసంగం జనవరిలో వచ్చింది. పంచాయతీ ఆఫీసు రేడియో ముందు ఊరంతా కూర్చుంది. "గుట్టహళ్లి నుంచి శ్రీమతి సుబ్బరత్నమ్మ" అనగానే వెనక నుంచి ఈల పడింది. పది నిమిషాలూ ఎవరూ దగ్గలేదు. మడుగు లేదని అక్కడున్న అందరికీ తెలుసు, ఒక్కరూ ఆ మాట అనలేదు. ఊరికి మంచి ఫోటో తీసినట్టు మురిసిపోయారు.

తిప్పమ్మ మాత్రం ఇంటికొచ్చాక అడిగింది.

"యా ఊరి ఏరు గురించి చెప్తివే? బాగుండాది. మనమూ ఒకసారి పోయొద్దామా?"

సుబ్బరత్నమ్మ నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే తరువాత చాలా రోజులు ముద్ద దిగేది కాదు.

*

ఆ ఏడు వానలు లేవు. ఉగాది నాటికి చుట్టుపక్కల కుంటలు ఎండి నెర్రెలిచ్చాయి. ఊరికంతా ఒకే బోరింగు మిగిలింది. దాని పిడి అరవైసార్లు కొడితే ఒక బిందె నిండేది. బిందెల వరసలో పొద్దున నిలబడిన తగాదా సాయంత్రానికి కూర్చునేది.

అలాంటి ఒక పూట, ఎండ నడినెత్తికి ఎక్కుతున్న వేళ, గంటల చప్పుడు వినబడింది. తరువాత దుమ్ము కనబడింది. దుమ్ములోంచి గొర్రెలు వచ్చాయి, మూడు వందలకు తక్కువ ఉండవు. తలలు వేలాడేసుకుని, ఒకదాని నీడలో ఒకటి తల దూర్చి నడుస్తున్నాయి. వెంట నలుగురు మనుషులు. ముందున్న ముసలాయన భుజాన కంబళి, చేతిలో కట్టె. నేరుగా సుబ్బరత్నమ్మ ఇల్లెక్కడని అడుగుతూ వచ్చాడు. శ్రీరంగప్ప విత్తనాల పని మీద హిందూపురం పోయి ఉన్నాడు. గుమ్మంలోకి సుబ్బరత్నమ్మ వచ్చింది.

"రేడియోలో మాట్లాడిన తల్లివి నువ్వేనా?"

తన ప్రసంగం మెచ్చుకోవడానికి ఇంత దూరం ఒక మనిషి వచ్చాడనుకుని, ఒక్క క్షణం, ఆ ఒక్క క్షణమే, సుబ్బరత్నమ్మ ముఖం విప్పారింది.

"నేనే పెద్దాయనా. మీరు యా ఊరు?"

"మడకశిర పక్కమ్మా. నా పేరు ఎర్రప్ప. మా తావు నీళ్లు ఒట్టిపోయినాయి. రెండు దినాలు నడిచినాం. ఆ మడుగుకి దోవ యాడుండాదో చెప్తే జీవాలకు నీళ్లు తాపుకుంటాం."

సుబ్బరత్నమ్మ నోరు తెరిచింది. అందులో బి.ఏ. లేదు. శైలి లేదు. చెయ్యి మాత్రం దానంతట అదే లేచి ఏటి వైపు చూపించింది.

"చల్లంగుండు తల్లీ" అని ఎర్రప్ప మందను అటు మళ్లించాడు.

ఆమె తలుపు వేసుకుంది. ఎందుకు వేసుకుందో ఆమెకే తెలియదు. గొర్రెలు తలుపు తట్టవు కదా. వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలు మళ్లీ కడగబోయి, చెంబులో నీళ్లు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. మిద్దె ఎక్కింది. అక్కడినుంచి ఏరంతా కనబడుతుంది.

ఏటిని చూడగానే గొర్రెలు పరుగు అందుకున్నాయి. అలవాటు వాటికి, ఏరంటే నీళ్లని. ఇసుకలో దిగి, ఆ గడ్డ నుంచి ఈ గడ్డకు, ఈ గడ్డ నుంచి ఆ గడ్డకు తిరిగి, చివరికి నల్లరాయి దగ్గర గుంపుగా నిలబడిపోయాయి. కొన్ని రాయిని నాకుతున్నాయి. మనుషులు నలుగురూ ఏటి నడుమ నిలబడి నాలుగు దిక్కులు చూస్తున్నారు. ఎర్రప్ప కట్టె ఇసుకలో గుచ్చి, కంబళి నెత్తిన వేసుకుని కూర్చున్నాడు.

తిప్పమ్మ కూడా మిద్దె ఎక్కి వచ్చింది. కోడలి ముఖం చూసింది, ఏరు చూసింది.

"వాళ్లు నీ మడుగుకే వచ్చినారా?"

"ఊ."

"పో మరి. పోయి తాపించు."

అత్తలు మామూలుగా సాధించేటప్పుడు నాలుగు వీధులకు వినబడేలా సాధిస్తారు. తిప్పమ్మ ఆ మాట మెల్లగా అంది. అందుకే నిలబడలేకపోయింది సుబ్బరత్నమ్మ. దొడ్లో పార తీసుకుని, చెప్పులు మర్చిపోయి, ఏటికి పోయింది. ఇసుక పెనంలా కాలుతోంది. కాలనీలే అనుకుంది.

ఎర్రప్ప ఆమెను చూసి లేచాడు.

"ఇంకా ఎగువకు పోవల్లనామ్మా? ఈ రాయి చూసి ఇదే అనుకుంటిమి. దోవ తప్పినట్టుండాం."

దోవ తప్పింది ఆయన కాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు.

"దోవ సరైందే పెద్దాయనా. మడుగే లేదు. ఎప్పుడూ లేదు. నేను... కల్పించి రాసినా."

ఎర్రప్పకు వెంటనే అర్థం కాలేదు. పక్కనున్న నడివయసు మనిషి, బయ్యన్న, గట్టిగా అడిగాడు.

"కల్పించి అంటే? ఎండిపోయిందనా?"

"ఎండటానికి ఉంటే కదన్నా. అబద్ధం చెప్పినా."

"ఎందుకమ్మా?"

ఆ ప్రశ్నకు జవాబు ఉంది. గోదావరి ఆవిడ పనసతొనల గురించి చెప్పింది కాబట్టి. మూడు వందల గొర్రెల మధ్య నిలబడి ఆ జవాబు చెప్పగలిగే మనిషి ఇంకా పుట్టలేదు.

"ఏమప్పా, రేడియోలో కూడా అబద్ధం చెప్తారా?" బయ్యన్న గొంతు లేచింది. "ఊరి పేరు చెప్తివి కదమ్మా! గుట్టహళ్లి అంటివి, రాతికట్టు అంటివి, పన్నెండు నెలలు అంటివి. ఊరి పేరు పెట్టి ఎవురన్నా అబద్ధం చెప్తారా? దారిలో తొమ్మిది గొర్రెపిల్లలు పడిపోయినాయి. మోసుకొచ్చినాం రెండింటిని. అవీ..."

"ఉండ్రా" అన్నాడు ఎర్రప్ప. తరువాత ఆమెతో కాదు, ఇసుకతో మాట్లాడుతున్నట్టు అన్నాడు. "మంద కదిలే ముందర ఒక మనిషి పోవల్ల. నీళ్లు చూసి, తాగి, ఆడుండే తడిమన్ను గుడ్డలో కట్టుకుని రావల్ల. ఆ మన్ను పెద్దోడు చేత్తో పిసికి చూస్తేనే మంద లేసేది. మా తాతప్పుటి నుంచీ అంతే. ఈసారి నేను మనిషిని పంపలేదు. చదువుకున్న తల్లి, రేడియోలో చెప్తాండాది, ఇంకా మనిషెందుకంటి. మా నాయన ఉండింటే ఈ కట్టెతోనే నా వీపు చీరేవాడు."

ఆయన తిట్టి ఉంటే సుబ్బరత్నమ్మకు హాయిగా ఉండేది. తప్పులో సగం ఆయన తీసుకుంటుంటే, మిగిలిన సగం మొత్తం కంటే బరువైపోయింది.

"ఈ రాయికి ఎగువన తవ్వితే నీళ్లు పడతాయి పెద్దాయనా" అంది చివరికి.

ఎర్రప్ప మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు.

"ఇది చూసినావా తల్లీ, రాసినావా?"

"మా అత్త చెప్పింది. నేను చదివినా. చూడలేదు."

"ఊ."

ఎవరూ కదల్లేదు. ఆమె పార ఎత్తి ఇసుకలో దించింది. పదేళ్లుగా పార పట్టని చేతులు. ఇసుక తీసినంతా మళ్లీ గుంటలోకే జారింది. బయ్యన్న కాసేపు చూసి, అసహ్యంతోనో జాలితోనో పార లాక్కున్నాడు.

"ఇట్ల తవ్వితే వచ్చే ఉగాదికి పడతాయి నీళ్లు. పక్కకు జరుగు."

మోకాలు లోతు దాకా పొడి ఇసుక. నడుము లోతుకు వచ్చేసరికి ఊళ్లోనుంచి నలుగురు మగవాళ్లు పారలతో దిగారు. తిప్పమ్మ ఇల్లిల్లూ తిరిగి వాళ్లను లేపి పంపింది, "మా కోడలు రేడియోలో చెప్పింది నిజం చేస్తాండాది, పోండి" అని. ఛాతీ లోతులో ఇసుక రంగు మారింది. బయ్యన్న గుప్పెడు తీసి పిసికాడు. ముద్ద అయింది. ఇంకో మూర లోతుకు రాయి అంచు తగిలింది. ఆ అంచు పొడుగునా నీళ్లు ఊరడం మొదలుపెట్టాయి, చంటిపిల్ల కంటి నీళ్లంత.

మడుగు కాదు. పుట్టి తిరగదు. కాళ్లు వేలాడేసుకుంటే మడమలు తడవవు. కానీ ఊరిన నీళ్లు తోడుతూ ఉంటే మళ్లీ ఊరుతూనే ఉన్నాయి. సుబ్బరత్నమ్మ ఇంట్లోంచి గంగాళం తెచ్చింది, పెళ్లిలో ఇచ్చిన ఇత్తడి పళ్లాలు తెచ్చింది, చివరికి మురుకుల బాణలి కూడా తెచ్చింది. గొర్రెలను పదేసి చొప్పున వదిలారు. చివరి పది తాగేసరికి పొద్దు గుంకింది. తొమ్మిది పిల్లలు పోగా మిగిలినవి తాగాయి. ఆ తొమ్మిది మాత్రం ఆమె కళ్ల ముందు ఆ పళ్లాల్లో రోజూ తాగుతూనే ఉన్నాయి.

మంద నాలుగు రోజులు ఉండి, ఉత్తరంగా పోయింది. పోయేటప్పుడు ఎర్రప్ప ఇంటికి వచ్చి గంగాళం తోమించి అప్పగించాడు. దీవించలేదు. తిట్టలేదు.

"పోయొస్తాం" అన్నాడంతే.

*

పది రోజులకు రేడియో వాళ్ల ఉత్తరం వచ్చింది. సుబ్బరత్నమ్మ పెన్న ప్రసంగానికి శ్రోతల నుంచి చాలా జాబులు వచ్చాయట. శ్రోతల కోరిక మీద వచ్చే నెల మళ్లీ ప్రసారం చేస్తారట.

ఆమె మళ్లీ పోస్టుకార్డు తీసుకుంది. ఎన్ని మందలు వింటాయో! ఆ రోజే రాసింది: "అయ్యా, ఆ ప్రసంగంలో నది నాది కాదు. మడుగు అబద్ధం. నమ్మి వచ్చినవాళ్ల జీవాలు చచ్చాయి. దయచేసి దాన్ని ఆపండి. నిజం చెప్పడానికి ఒక్క అవకాశం ఇవ్వండి."

"నిజం ఎన్ని నిమిషాలు వస్తుంది?" అని జవాబు వచ్చింది.

"మూడు. రాయితో కలిపి నాలుగు."

బస్సులు మూడు మారి పోయి, ఆ నాలుగూ చదివి వచ్చింది. "పోయినసారి నేను చెప్పిన మడుగు లేదు. పుట్టి లేదు. ఈత కొట్టడానికి పిల్లలున్నారు గానీ నీళ్లు లేవు. నేను అబద్ధం చెప్పాను. రాతికట్టుకు ఎగువన మనిషి లోతు తవ్వితే, గొర్రెలకు చాలినన్ని నీళ్లు ఊరుతాయి, నిదానంగా." మిగతా ఆరు నిమిషాలు రేడియో వాళ్లు వీణ వేశారు.

ఈసారి పంచాయతీ ఆఫీసు ముందు ఈల పడలేదు. వీణ మొదలవగానే ఒక్కొక్కరే లేచిపోయారు. మర్నాడు హోటల్లో చిన్నప్ప శ్రీరంగప్పను నిలదీశాడు.

"ఏమన్నా, మా బామ్మర్దికి మడుగు చూపిస్తానని చెప్పి పెట్టుకుంటిని. రేడియోలో మన ఏటి పరువు తీసేసింది కదా వదిన!"

"లేని మడుగు యాడ చూపిస్తువురా?"

"వానొచ్చినప్పుడు రమ్మందునప్పా!"

అబద్ధం చెప్పినప్పుడు గౌరవించిన ఊరు నిజం చెప్పాక మూడు నెలలు ముఖం తిప్పుకుంది. సుబ్బరత్నమ్మ బిందెల వరసలో తల వంచుకునే నిలబడేది. వరసలో ఎవరో ఒకరు, "పుట్టిలో పోయి తెచ్చుకోకూడదా నీళ్లు?" అనేవారు. ఆమెకు చురకైన జవాబులు మూడు నాలుగు తోచేవి. ఒక్కటీ పైకి అనేది కాదు. జీవితంలో మొదటిసారి, తోచిన మాటను ఎండబెట్టి దాచుకోవడం నేర్చుకుంది.

ఆషాఢంలో కూడా వాన పడలేదు. ఒక పొద్దున గుమ్మం ముందు ఒంటరిగా ఒక మనిషి నిలబడ్డాడు. నెత్తిన తువ్వాలు, చేతిలో కట్టె. మంద లేదు. బయ్యన్న.

"రాతికాడ నీళ్లు ఇంకా ఉండాయా అక్కా?"

"ఉండాయన్నా. గుంత పూడకుండా వారానికొకసారి ఇసుక తీయిస్తాండాను. రేడియోలో చెప్పినా కదా, వినలేదా?"

"విన్నాం" అన్నాడు బయ్యన్న. "అందుకే పంపినాడు పెద్దాయన, చూసి రమ్మని."

ఆమె తల వంచుకుని, చెంబు తీసుకుని ముందు నడిచింది. బయ్యన్న గుంతలోకి దిగాడు. ఒక దోసిలి తాగాడు. కొంచెం ఉమ్మేసి, నాలుక చప్పరించి, మళ్లీ తాగాడు. సుబ్బరత్నమ్మ గట్టు మీద, మార్కులు వేసేదాకా కదలకూడని పిల్లలా నిలబడి ఉంది. అతను రాయి అంచు దగ్గర గుప్పెడు తడి ఇసుక తీసి, తువ్వాలు కొంగులో పోసి ముడి వేయబోయాడు.

"ఉండన్నా. మడకశిర దాకా రెండు దినాల దోవ. ఆరిపోతుంది."

ఇంటికి పోయి మోదుగాకులు తెచ్చింది. అతను ఆకుల్లో ఇసుక పోశాడు. ఆమె ఇంకో చెంబు నీళ్లు దాని మీద చల్లి, పొట్లం కట్టి, పుల్ల గుచ్చి ఇచ్చింది. అతను దాన్ని తువ్వాల్లో కట్టుకుని, కట్టె తీసుకుని పోయాడు. కనుమరుగయ్యేదాకా ఆ ముడినే చూస్తూ నిలబడింది.

అయిదో నాడు పొద్దున, గంటలేవీ వినబడకముందే, అటక మీదినుంచి గంగాళం దించి తోమడం మొదలుపెట్టింది. తిప్పమ్మ వక్క కొరుకుతూ చూసింది.

"ఏమే, మంద వస్తాదని ఈసారి రేడియోలో చెప్పినారా?"

"లేదత్తా" అంది సుబ్బరత్నమ్మ, తల ఎత్తకుండా. "తడిమన్ను పోయింది."